సూపర్ డీలక్స్ వయసెంత?

"ఈ బస్సు వయసెంతండీ?"

కౌంటర్లో టికెట్లు రాస్తున్న రమణబాబు తలెత్తాడు. ఎదురుగా హరిప్రియ. అంబికాపూర్ బ్యాంకులో ఉద్యోగం, శనివారం బిలాస్‌పూర్‌లో అమ్మానాన్నల దగ్గరికి వచ్చి సోమవారం పొద్దున్నే ఈ బస్సులో వెళ్లిపోతుంది.

"కొత్తదేనండీ. సూపర్ డీలక్స్."

"అచ్ఛా. మరి సీటు వెనక్కి వాలదేటి?"

"కొత్త కదండీ, ఇంకా బిగుతు వదల్లేదు."

ఆమె నవ్వాపుకుంటూ వెళ్లి ఏడో నంబరులో కూర్చుంది. ఆ నవ్వుకి రమణబాబు ఆ రోజు రెండు టికెట్లు తప్పు రాశాడు.

మూడు నెలలు ప్రతి సోమవారం ఇదే తగువు. వాన జల్లు మీద పడుతోంది, కిటికీ మూసుకోదేమని అడిగితే, "మంచి గాలి కోసమండీ" అనేవాడు. వీడియో కోచ్‌లో వీడియో ఏదంటే, "మీ నిద్ర పాడవకూడదని తీయించేశాం" అనేవాడు. మంగళవారం నుంచే మళ్లీ సోమవారం కోసం ఎదురుచూసేవాడు. ఎంత వద్దనుకున్నా ఆమె అంటే ప్రాణమైపోయింది.

ఓ సోమవారం ఆమెతో పాటు తండ్రి సింహాచలం వచ్చాడు, డ్యూటీకెళ్తూ, చేతిలో సుత్తితో. రైల్వే క్యారేజ్ షెడ్‌లో ముప్ఫై ఏళ్ల సర్వీసు. చక్రం మీద సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో చెప్పేస్తాడు.

అలవాటు కొద్దీ వంగి బస్సు టైరు మీద ఒక్కటిచ్చాడు. సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది. మోత లేదు. ప్యాసింజర్లు కిసుక్కున నవ్వారు.

"ఇది పలకట్లేదు బాబూ. నువ్వే చెప్పు, బండి వయసెంత?"

నిజం చెబితే ఈయన కూతుర్ని రైలెక్కిస్తాడు. ఇక సోమవారాలు ఉండవు. అయినా రమణబాబు టికెట్ల పుస్తకం మూసేసి నిజమే చెప్పాడు.

"పద్నాలుగేళ్లండీ. రంగొకటే కొత్తది."

"మరి మా అమ్మాయితో కొత్తదన్నావంట?"

"నిజం చెబితే మళ్లీ రారేమోనని భయమేసిందండీ."

సింహాచలం అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"బ్రేకులెలాగున్నాయి?"

"నిన్ననే కొత్తవి వేయించామండీ. ఈసారి నిజమే."

"అయితే ఎక్కమ్మా," అని కూతురి బ్యాగు లోపల పెట్టాడు. "ఆదివారం మా క్వార్టర్‌కి రా బాబూ. నీతో పనుంది."

బస్సు కదులుతుంటే హరిప్రియ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"బండి పాతదని నాకు మొదటివారమే తెలుసు. అంబికాపూర్ పక్కనే ఉన్న విశ్రాంపూర్ దాకా రైలుందనీ తెలుసు. అయినా మూడు నెలలు ఇందులోనే ఎందుకెళ్లానో, ఆదివారం నాన్నకి మీరే చెప్పండి."