తెర అవతలి చేతులు

మూడు రోజులుగా ఆమె ఇంట్లో ఏ వస్తువూ వట్టి చేత్తో ముట్టుకోలేదు. షూటింగుకు ముందు అంతే. చేతులకు క్రీము దట్టంగా పట్టించి, నూలు గ్లవుజులు తొడుక్కుని తిరగాలి. కత్తి పట్టకూడదు, ఎండ తగలకూడదు. ఉప్పు తింటే వేళ్లు ఉబ్బుతాయి కాబట్టి చప్పిడి తిండి. ఉంగరమో వాచీయో పెడితే అచ్చు పడుతుంది కాబట్టి బోసి మణికట్లు.

"మహారాణిగారు చేతులు పెంచుకుంటున్నారు" అని గిన్నెలకు వినిపించేలా అంటూ తోముతుంది అత్తగారు. తోమక తప్పదు మరి. ఇల్లు నడిచేది కోడలి పది వేళ్ల మీద. కొడుకుగారు ఉద్యోగం వెతకడాన్నే ఉద్యోగంగా పెట్టుకుని రెండేళ్లయింది.

ఆమె మోడల్. కానీ ఆమె మొహం ఏ ఫొటోలోనూ కనిపించదు. పద్నాలుగేళ్లుగా ఎవరెవరి అందమైన మొహాల కిందో ఆమె చేతులు మాత్రం సబ్బులు పట్టుకున్నాయి, టీ కప్పులు ఎత్తాయి. స్టూడియోలో పేర్లతో పని లేదు. "ముఖం వచ్చిందా? చేతులొచ్చాయా?" అని కేకేస్తారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు మండటానికైనా ఓపికుండాలిగా.

ఆ రోజు చేతుల క్రీము ప్రకటన. బాగా వస్తే ఏడాది పొడుగునా ఆ కంపెనీ పని ఆమెదే. రాకపోతే చిన్నదానిది. చిన్నది అంటే ఇరవై ఏళ్ల పిల్ల. ఎందుకైనా మంచిదని ఫొటోగ్రాఫర్ రప్పించి కారిడార్లో కూర్చోబెట్టాడు, కొత్త గ్లవుజులతో సహా.

"మీ చేతులు చూసే ఈ పనిలోకొచ్చానక్కా" అందా పిల్ల.

వినయమో వెటకారమో తేల్చుకోకుండానే లోపలికి నడిచింది ఆమె.

మేకప్ వదిన మోచేతుల దాకా రంగు పూసింది. వదిన అంటే చుట్టం కాదు, పన్నెండేళ్ల సావాసం. రంగు పూశాక ఇక చేతులు దేనికీ తగలకూడదు. దాహమేస్తే వదిన తాగించాలి, ముక్కు దురద పెడితే వదినే గోకాలి.

"ఇక్కడా?"

"ఇంకాస్త పైన. అబ్బ... నా మొగుడికి కూడా ఇంత చక్కగా చేతకాదు వదినా."

"నీ మొగుడికి చేతనయిందేదో ముందు చెప్పు" అంది వదిన. ఇద్దరూ నవ్వారు. ఆమె కళ్లు మాత్రం నవ్వలేదు. మూడు రోజులుగా పడుకున్నా నిద్ర లేదు.

స్టూడియోకి కిటికీల్లేవు. గోడలకు నల్ల రంగు. బయట పట్టపగలున్నా లోపల ఒక్క దీపం కింద తప్ప అంతా చీకటే. కాలిన దుమ్ము వాసన, హెయిర్ స్ప్రే వాసన. మధ్యలో నేలదాకా వేలాడే నల్ల తెర. తెర ముందు స్టూలు మీద ముఖం, అంటే మొహం కనిపించే మోడల్, కూర్చుంటుంది. తెర వెనక మోకాళ్ల మీద ఆమె. తెరకు నిలువునా రెండు చీలికలుంటాయి. వాటిలోంచి చేతులు అవతలికి చాపి, ముఖం బుగ్గలు పట్టుకోవాలి. ఫొటోలో అవి ఆ మోడల్ చేతులే అనిపించాలి.

అవతల ఏం జరుగుతోందో ఆమెకు కనిపించదు. అందుకే ఈ పనిలో ఒక పద్ధతుంది. చేతులు తెర దాటాక, "వస్తున్నా" అని చెప్పకుండా ఎవరూ వాటిని తాకరు.

గంట గడిచింది. భుజాలు లాగేస్తున్నాయి.

"నరాలు కనిపిస్తున్నాయి. చేతులు పైకి!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

చేతులు కాసేపు పైకెత్తి ఉంచితే రక్తం దిగి నరాలు అణుగుతాయి. చీలికల్లోంచే పైకెత్తింది. భుజాలు వణికాయి.

అప్పుడు ఎవరో ఆమె చేతులు అందుకున్నారు.

చల్లగా, మెత్తగా. వేళ్ల మధ్యలో వేళ్లు దూర్చి, బరువంతా తామే మోస్తున్నట్టు పట్టుకున్నారు. మాట చెప్పకుండా తాకినందుకు విదిలించుకోవాల్సింది. విదిలించుకోలేదు. వదినే అయ్యుంటుంది, పోనీలే అనుకుంది. తన బరువు ఇంకొకరు మోయడం ఎన్నాళ్లకు! కళ్లు మూసుకుంది.

"నీళ్లు పట్టనా?"

వదిన గొంతు. చెవి పక్కనే. తెరకు ఇవతల.

ఆమె కళ్లు తెరిచింది.

"వదినా... నువ్విక్కడున్నావా?"

"ఇంకెక్కడుంటాను?"

"అవతల ఎవరున్నారో చూడు... త్వరగా..."

వదిన తెర పక్కనుంచి తొంగిచూసింది. "ముఖం ఉంది. ఎనిమిది అడుగుల దూరంలో ఫొటోగ్రాఫర్. అంతే. ఏమైందే?"

"నా చేతులు ఎవరో పట్టుకున్నారు."

"తిమ్మిరెక్కుంటుంది."

తిమ్మిరి గోళ్లు తడమదు. ఇది తడుముతోంది... ఒక్కో గోరూ... కొలత తీసుకుంటున్నట్టు. చిటికెన వేలి దగ్గర కాసేపు ఆగింది. మళ్లీ మొదటినుంచి.

"చేతులు కదులుతున్నాయి!" ఫొటోగ్రాఫర్ విసుక్కున్నాడు. "ఓపిక లేకపోతే చెప్పండి, చిన్నదాన్ని పిలుస్తాను."

ఆమె పెదవి కొరుక్కుంది. అరిస్తే ఏడాది పని పోతుంది. అరవలేదు. చేతులు దించి తడుముకుంటూ ముఖం బుగ్గల మీద ఆనించింది. ఆ చల్లటి వేళ్లూ వాటితోపాటే దిగాయి...

తర్వాత లాగడం మొదలైంది.

మెల్లగా. మర్యాదగా. మోచేయి దాటింది. భుజం తెరకు తగిలింది. బుగ్గకు నల్లగుడ్డ ఒరుసుకుంది. గుడ్డకు ఆ పక్కనుంచి, సరిగ్గా ఆమె బుగ్గకు ఎదురుగా... ఏదో ఆనింది.

ఒక్క ఊపున చేతులు వెనక్కి లాక్కుంది. వెల్లకిలా పడింది. వదిన గబుక్కున పట్టుకుంది.

రంగు చెదిరిన రెండు చేతులూ ఆమె ఒళ్లోనే ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ తిడతాడని ఇద్దరూ ఎదురుచూశారు.

క్లిక్.

"ఆహా! ఇదీ! అలాగే ఉంచండి."

క్లిక్. క్లిక్.

వదిన ఆమె ఒళ్లోకి చూసింది. తెర వైపు చూసింది. లేవలేదు. ఆమె కూడా లేవలేదు. ఇంకో పదకొండు క్లిక్కులు. ఇద్దరూ లెక్కపెట్టారు.

"చాలు! బ్రహ్మాండం!"

దీపాలన్నీ వెలిగాయి. తెర అవతల ముఖం ఒక్కతే కూర్చుని ఉంది, బుగ్గలు రుద్దుకుంటూ.

"చివర్లో భలే చల్లగా పెట్టారక్కా, హాయిగా ఉండింది" అంది.

అప్పుడే లోపలికొచ్చిన క్రీము కంపెనీ మేడం కంప్యూటర్ తెర మీద ఆఖరి ఫొటోలు చూసి తలాడించింది. "ఏడాదంతా ఈ చేతులే కావాలి. వేరేవాళ్లు వద్దు."

అవి నావి కావు. ఆ ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. తలుపు సందులోంచి చిన్నది కనిపించింది. ఆశగా ఇటే చూస్తోంది.

"సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?" అంది ఆమె.

"తొమ్మిదికి. చేతులు ఇలాగే ఉండాలి సుమా!"

అందరూ సామాన్లు సర్దుకోవడంలో పడ్డారు. ఆమె కంప్యూటర్ దగ్గరికి వంగింది. నరం లేదు, ముడత లేదు. ఇరవై ఏళ్లప్పుడు కూడా తనకు అంత నునుపు లేదు. తన చేతులు రెండూ ఫొటో పక్కన పెట్టి పోల్చుకుంది. ఎడమది సరిపోయింది. కుడిది ఎటు తిప్పినా సరిపోలేదు.

మళ్లీ చూసింది.

ముఖం బుగ్గల మీద ఉన్నవి రెండూ ఎడమ చేతులే.