ఆమెను అడగకుండా

"పక్కకి జరుగు."

కత్తి మొన ఆమె పక్కటెముకలకి ఆనింది.

కారు ఇంకా గేటు కూడా దాటలేదు. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. ఎర్ర చొక్కావాడొకడు తలుపు లాగి, సగం లోపలికి వచ్చేశాడు.

"అరిచావంటే ఇక్కడే..."

అరవలేదు. గేర్ రాడ్ దాటుకుని పక్క సీటులోకి జరిగింది. కోర్టు కాగితాలున్న సంచిని కాళ్ల దగ్గరికి లాక్కుంది. బెల్ట్ పెట్టుకుంది... అలవాటు.

వాడు స్టీరింగ్ ముందు కూలబడ్డాడు. కత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. కారు ఒక్క దూకు దూకి రోడ్డెక్కింది.

బాగా పొద్దెక్కింది. వీధి నిండా జనం. ఎవరూ పట్టించుకోలేదు. డ్రైవింగ్ స్కూలు కారు ఎగిరెగిరి పడుతూ పోతుంటే ఎవరు పట్టించుకుంటారు? ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నారనుకుంటారు.

"ఎక్కడికి?" అంది.

"షికారుకి. మధ్యాహ్నం దింపేస్తా."

మధ్యాహ్నం...

అప్పటికి కోర్టులో అంతా అయిపోతుంది.

కాంట్రాక్టర్ కొడుకు బెయిల్ మీద ఇవాళే వాదనలు. వాడు ఆమె తమ్ముణ్ణి చంపాడు. తమ్ముడిది పెట్రోల్ బంకులో పని. "సిగరెట్ ఆర్పండి సార్" అన్నాడు. అంతే. వాడు డిక్కీలోంచి ఇనుప రాడ్ తీశాడు. వెనక బండ్లవాళ్లంతా చూస్తూ ఉండిపోయారు. ఆసుపత్రికి చేరేసరికి తమ్ముడు లేడు.

ఆ రోజు నుంచి ఆమెది ఒకటే ఆలోచన. వాడు బయటికి రావాలి. ఈ కారు బంపర్ ముందుకి రావాలి.

ఉచితంగా కేసు చూస్తున్న లాయరమ్మకి ఆ మాటే చెప్పింది. ఆవిడ నవ్వలేదు.

"గుద్దేస్తే వాడు పోతాడు. నువ్వు జైలుకి పోతావు. అదేనా నీక్కావాల్సింది?"

"మరేం చెయ్యమంటారు? పోయినసారి వాడు బెయిల్ అడిగినప్పుడు నాకు కబురు కూడా లేదు. తెలుసుకుని పరిగెత్తుకెళ్తే, నీతో పనిలేదు, బయట కూర్చోమన్నారు. వాయిదా పడబట్టి సరిపోయింది."

"పనిలేకపోవడమేంటి? నువ్వు బాధితురాలివి. నీ మాట వినకుండా వాణ్ణి వదలకూడదు. అది నీ హక్కు. కానీ నువ్వెళ్లి అడగాలి తల్లీ. అడగనివాళ్లని కోర్టు వెతుక్కుంటూ రాదు."

ఆ రోజు ఆమె పగ రూటు మార్చుకుంది.

"నా డ్రైవింగ్ ఎలా ఉంది మేడమ్?" ఎర్ర చొక్కావాడు ఇకిలించాడు.

"క్లచ్ మీంచి కాలు తియ్యి. ప్లేట్లు అరిగిపోతాయి."

వాడు ఠక్కున తీశాడు. తీసినందుకు వాడికే ఒళ్లు మండింది. యాక్సిలరేటర్ కసిగా తొక్కాడు.

కారు ఊరి బయటి రోడ్డు పట్టింది.

ఫోన్ మోగింది. వాడు స్పీకర్ నొక్కి డాష్‌బోర్డు మీద పడేశాడు.

"దొరికిందా?"

ఆ గొంతు...

"ఆ, దొరికింది."

"చెయ్యి చేసుకోకు. పిల్ల భయస్తురాలు. కత్తీ గిత్తీ చూపించకు. ఇంటివాళ్లకి అభ్యంతరం లేదని కోర్టులో నేను చెప్పేస్తా. కాస్త ఆలస్యంగా తీసుకురా, చాలు."

మామయ్య.

అమ్మానాన్నలు పోయాక ఇద్దర్నీ తన ఇంట్లో పెట్టుకుని పెంచినవాడు. ఆ కాంట్రాక్టర్ దగ్గరే సూపర్‌వైజర్. తమ్ముడి మీద పడి అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు. నిన్న ఫోన్ చేసి, "ఎన్నింటికి బయల్దేరతావమ్మలూ? జాగ్రత్త" అన్నవాడు.

ఆమె కళ్లలో చుక్క నీరు రాలేదు. అరికాళ్ల నుంచి నెత్తి దాకా మంట పాకింది.

"మీ మామ మంచోడు. నేనైతేనా..." వాడి నోరు మధ్యలో ఆగిపోయింది.

ఎదురుగా రోడ్డుకడ్డంగా డ్రమ్ములు. పోలీసు జీపు. తనిఖీ.

"నవ్వుతూ కూర్చో. నోరు తెరిచావంటే..." వాడు కత్తిని ఆమె తొడకి ఆనించాడు.

కానిస్టేబుల్ కార్లన్నిటినీ చూసీ చూడనట్టు పంపించేస్తున్నాడు. దీన్నీ పొమ్మని చెయ్యి ఊపాడు. ఎర్ర చొక్కావాడు వేగం పెంచాడు.

ఆమె మడమతో సంచిని మెల్లగా పక్కకి నెట్టింది.

డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు ముందు కూడా క్లచ్ ఉంటుంది. బ్రేకూ ఉంటుంది.

ఈ కారెక్కిన ప్రతివాడికీ ఆమె చెప్పే మొదటి మాట... బెల్ట్ పెట్టుకో.

వీడికి చెప్పలేదు.

తొక్కింది. ఉన్న బలమంతా పెట్టి.

టైర్లు కీచుమన్నాయి. వాడి మొహం స్టీరింగ్‌కి కొట్టుకుంది. కత్తి ఎగిరి, ఆమె నుదురు గీసుకుంటూ వెనక సీటులో పడింది.

తాళం లాగేసింది. తలుపు తన్ని దూకింది.

"వాడు నన్నెత్తుకుపోతున్నాడు! కత్తి వెనక సీటులో ఉంది. ఆ ఫోన్ తీసుకోండి, దాన్ని వదలొద్దు."

జీపు దగ్గరున్న హెడ్ కానిస్టేబులమ్మ ఒక్క అంగలో వచ్చింది. ముక్కు పగిలిన ఎర్ర చొక్కావాణ్ణి కాలర్ పట్టుకుని జీపెక్కించింది.

"ముందు స్టేషన్‌కి రామ్మా. ఫిర్యాదు రాసుకోవాలి."

"ముందు కోర్టు."

"రక్తం కారుతోంది తల్లీ."

"కారనివ్వండి. నేను వెళ్లకపోతే మా తమ్ముణ్ణి చంపినవాడు ఇవాళ ఇంటికి పోతాడు. నా పక్కన కూర్చోండి. దారిలో చెప్తా, రాసుకోండి. నా కాపీ నాకివ్వాలి, అంతే."

హెడ్ కానిస్టేబులమ్మ ఆమె మొహంలోకి చూసింది. వాడి ఫోన్, రాసుకునే కాగితాలు తీసుకుని కారెక్కింది.

ఇరవై ఏళ్లుగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకి వద్దని చెప్పినవన్నీ ఆమె వరసపెట్టి చేసింది. లారీల మధ్య దూరింది. సిగ్నల్ దాటింది. మలుపు వచ్చినప్పుడల్లా కారు గింజుకుని ఆగబోతోంది.

"కాలు తియ్యండి మేడమ్. అది బ్రేకు."

"తెలుసు. అందుకే తొక్కుతున్నా."

కోర్టు మెట్లు. వరండా. హాలు తలుపు.

లోపల మామయ్య గొంతు.

"...చిన్నవాళ్లం సార్. మాకు గొడవలొద్దు. పిల్ల కూడా ఒప్పేసుకుంది. మొహం చూపించలేక ఊరెళ్లింది."

"ఆ మాట నా క్లయింటే చెప్పాలి సార్." లాయరమ్మ పట్టు వదలడం లేదు. "ఆమె వస్తుంది. కాసేపు ఆగండి."

"ఎంతసేపమ్మా?" జడ్జి విసుక్కున్నాడు.

"వచ్చాను సార్."

తలలన్నీ తిరిగాయి. బోనులో ఉన్న కాంట్రాక్టర్ కొడుకు మొహాన నవ్వు అలాగే అతుక్కుపోయింది.

"ఎవరు మీరు? ఆ రక్తమేంటి?"

"ఆ బంకులో చచ్చిపోయినవాడి అక్కని. నన్నడక్కుండా వాణ్ణి వదలకూడదట కదా సార్. అడగండి."

జడ్జి పెన్ను కింద పెట్టాడు. "చెప్పండి."

రాత్రంతా బట్టీపట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు అభ్యంతరం ఉంది. వాడు జైల్లో ఉండగానే నా ఒంటి మీదికి కత్తి వచ్చింది. బయటికొస్తే ఏమొస్తుందో మీరే చూసుకోండి."

హెడ్ కానిస్టేబులమ్మ రాసిన కాగితం, ఎర్ర చొక్కావాడి ఫోన్ బల్ల మీద పెట్టింది. అవతలి లాయరు లేచాడు. జడ్జి చెయ్యెత్తి కూర్చోబెట్టాడు. కాగితం చివరిదాకా చదివాడు.

"బెయిల్ ఇవ్వడం లేదు."

కాంట్రాక్టర్ కొడుకు బోను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె కళ్లు తిప్పలేదు. వాడే తల దించుకునే దాకా చూసింది. బంపర్‌తో గుద్దినా ఇంత చల్లగా ఉండేది కాదు.

"ఒక్క మాట." జడ్జి అడిగాడు. "ఆ ఫోన్‌లో మాట్లాడిందెవరు? మీకు తెలుసా?"



మామయ్య మొహం పాలిపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "అమ్మలూ..." పెదాలు మాత్రమే కదిలాయి.

ఆమె చెయ్యెత్తి చూపించింది.

"ఆయనే సార్. మా మామయ్య."

హెడ్ కానిస్టేబులమ్మ చెయ్యి అతని భుజం మీద పడింది.

"నిన్ను ఎత్తుకుని పెంచానే..." మామయ్య ఆమె వైపు చెయ్యి చాచాడు. "నీకేమీ కాకూడదనే కదే..."

ఆమె అటు తిరగలేదు. జడ్జి వైపే చూస్తూ అంది.

"ఆయన బెయిల్ అడిగిన రోజు కూడా నన్ను పిలవాలి సార్. అప్పుడూ నా మాట వినాలి."