నీళ్లకు మొక్కిన బొమ్మ

మనిషి చచ్చిపోయాడు. అతని చేతిలోని ఫోన్‌లో బొమ్మ మాత్రం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది.

మేడ్చల్ బస్టాండ్ ఎదుట చాయ్ హోటల్. పొద్దున పదకొండు గంటలు. మూల బల్ల దగ్గర జైపాల్ గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. చాయ్ తెచ్చినవాడు నిద్రపోతున్నాడనుకుని కప్పు పెట్టి వెళ్లిపోయాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు మరి, ముఖం అంత నెమ్మదిగా ఉంది. చెవి వెనక ఆవగింజంత ఎర్రటి చుక్క. విషపు సూది.

జైపాల్ గూఢచారి. పద్నాలుగేళ్ల సర్వీసు. ఇంట్లోవాళ్లకు ఇన్సూరెన్స్ ఏజెంటు.

రెండు గంటల తర్వాత యాప్రాల్‌లో, మంచినీళ్ల క్యాన్ల ప్లాంటు వెనక గదిలో, చీఫ్ రాఘవేందర్ ఆ ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు. ప్లాంటు నిజమే, నీళ్లూ నిజమే. ఆ కాలనీ మొత్తం తాగేది గూఢచారుల నీళ్లేనని కాలనీకి తెలియదు, అంతే.

ఎదురుగా శైలజ కూర్చుంది. కోడ్ నేమ్ కొంగ. ఒంటికాలి మీద నిలబడి గంటల తరబడి కదలకుండా చూడగలదని పెట్టిన పేరు.

"శైలజా, టైం లేదు," అన్నాడు రాఘవేందర్. "శామీర్‌పేట కాడ మందుల ల్యాబ్ నుంచి నాలుగు గంటలకు మూడు స్టీలు పెట్టెలు బయటికొస్తయి. మూడూ ఒక్క తీరుగనే ఉంటయి. అసలు సరుకు ఒక్కదాంట్లనే. పిల్లల జ్వరానికి కొత్త టీకా, దాని విత్తనం. విదేశీ ముఠా దాన్ని మార్చెయ్యాలని చూస్తాంది. ల్యాబ్ లోపల వాళ్ల మనిషున్నడు. ఏ పెట్టెనో తెలిస్తే సాలు, పని అయిపోయినట్టే."

"ఎవరు చెప్తరు వాళ్లకు?"

"చిలక. గా పేరుతోని ఆట ఆడుతది. మనిషెవరో తెల్వది. సుధీర్, నువ్వు చెప్పు."

కోడ్ డెస్క్ సుధీర్ గొంతు సవరించుకున్నాడు. కాకినాడ నుంచి వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కొనుక్కున్న మనిషి. "ఆన్‌లైన్ గేమ్ మేడం. అరవై మంది ఒక దీవిలో దిగి కాల్చుకుంటారు. మ్యాచ్ మొదలయ్యే ముందు మూడు నిమిషాలు అందరూ ఒడ్డున ఎదురుచూస్తారండి. ముఠా పనంతా ఆ మూడు నిమిషాల్లోనే. చాట్ చెయ్యరు, మైక్ ఆన్ చెయ్యరు. మనం ట్యాప్ చేద్దామంటే ఏమీ ఉండదు. అంతా ఎమోట్సే."

"అంటే?"

"నోటితో చెప్పకుండా బొమ్మ చేత చేయించే సైగలండి. సంతోషమైతే డాన్స్, కోపమైతే కాలు నేలకేసి కొట్టడం. పిల్లలందరూ చేస్తారు. వీళ్లు దాన్ని కోడ్ చేశారు. డాన్స్ చేస్తే ఒకటో పెట్టె, సెల్యూట్ కొడితే రెండోది, బస్కీలు తీస్తే మూడోది. అంతవరకు పట్టాం. కానీ మ్యాచ్ మొదలయ్యాక చిలక చేసేది ఇంకొకటుంది. మూడు వారాలుగా బుర్ర బద్దలవుతోంది."

గోడ మీద వీడియో వెలిగింది. నల్ల కోటు, ఎర్ర జుట్టు ఆడబొమ్మ పరుగెత్తుకుంటూ ఒడ్డుకు వచ్చింది. ఎదురుగా పడవ. వెనక తూటాలు. ఆ బొమ్మ పడవ ఎక్కలేదు. నీళ్ల అంచున కూర్చుంది. లేచి దండం పెట్టింది. అప్పుడు ఎక్కింది. ఆ లోపల మూడు తూటాలు తగిలాయి.

"పదకొండు మ్యాచ్‌లు మేడం. ప్రతిసారీ ఇంతే. దెబ్బ తిన్నా మానదు. ఇది చాలా డీప్ కోడ్ అని..."

శైలజ నవ్వింది. "ఇది కోడ్ కాదు సుధీర్ గారూ. మొక్కు."

"ఏందీ?" అన్నాడు రాఘవేందర్.

"శామీర్‌పేట చెరువుల చేపలు పట్టెటోళ్లు తెప్ప ఎక్కే ముందు కూసొని నీళ్లు ముట్టుకుంటరు సార్. కండ్లకద్దుకుంటరు. అద్దుకోకుండ ఎక్కితే గంగమ్మ అలుగుతదని. బొమ్మకు కండ్లకద్దుకునుడు రాదు కదా, గందుకే దండం పెట్టిస్తాంది. చెయ్యాలని చేస్తలేదు. చేతికి అలవాటైంది."

"నీకెట్ల తెలుసు?"

"నేను పుట్టింది గా చెరువు కాడి వాడలనే. మీ కాడున్న నా ఫైల్లోనే రాసి సీలు వేసి పెట్టిన్రు."

రాఘవేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "బొమ్మ కూసున్నదని ఆపరేషన్ మార్చాల్నా? పైవాళ్లకు ఏం చెప్పాలె? నువ్వు ల్యాబ్ గేటు కాడ డ్యూటీ చెయ్యి. చిలక దొరికితే పట్టుకో. లొంగకుంటే కాల్చు. ఇది ఆర్డర్."

"ఆర్డర్ విన్న సార్," అంది శైలజ. "గేటు కాడికి మాత్రం పోను."

క్యాన్ల ట్రాలీ ఆటో తీసుకుని ఆమె వెళ్లిపోయింది. ఒంటి మీద ప్లాంటు నీలం చొక్కా, తలకు తువాలు. నీళ్ల క్యాను భుజాన ఉన్న మనిషిని ఈ లోకంలో ఎవరూ ఆపరు. ఏ గేటు దగ్గరైనా "జల్దీ పో" అంటారే తప్ప "ఎవరు నువ్వు" అనరు. డిపార్ట్‌మెంట్ కనిపెట్టిన మారువేషాలన్నిటిలో గొప్పది అదే.

శామీర్‌పేట కట్ట మీద బాలమల్లు టార్పాలిన్ నీడలో విసురు వల కుట్టుకుంటున్నాడు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. శైలజను చూసి సూది ఆపాడు.

"నువ్వు నర్సయ్య బిడ్డవు గాదే? ఇరవై ఏండ్లాయె! చచ్చినవో బతికినవో అనుకున్నం. నీళ్లు మోస్తున్నవా?"

"మోస్తున్న పెద్దబాపూ. ఒక ముచ్చట చెప్పు. మన వాడకెల్లి మందుల కంపెనీల ఎవరన్న చేస్తున్నరా?"

"ఇంకెవరు, మా తమ్ముడు మల్లేష్ బిడ్డ నవ్యశ్రీ. పెద్ద ఆఫీసరు. నల్లద్దాలు, గింత ఎత్తు చెప్పులు. చేపల వాసనొస్తదని ఇంటికి రాదు గానీ, పొద్దుగాల్ల ఎవ్వలు లేనప్పుడు వచ్చి నీళ్లు ముట్టుకొని పోతది. నేను చూస్తనే ఉంట." ముఖంతో అవతలి రిసార్టు చూపించాడు. "మూడు దినాల సంది అండ్లనే ఉన్నది. ఆరో నంబరు కాటేజీ. మల్లేషేమో అగో, నడి చెరువుల."

దూరంగా తెప్ప మీద ఒక మనిషి చుక్కలా కనిపించాడు. కట్ట మీద యాభై అడుగుల అవతల మరో మనిషి, మూడు కాళ్ల స్టాండు, దాని మీద గుడ్డ కప్పిన పొడుగాటి కెమెరా.

"ఆయనెవరు?"

"పిట్టల ఫోటోలు తీస్తడట. పరేషాన్ మనిషి. కొంగలన్నీ గీ దిక్కున్నయి, గాయనేమో పొద్దటి సంది మా తమ్ముని దిక్కే చూస్తాండు."

మూడూ యాభై ఐదు. శైలజ క్యాను భుజానికెత్తుకుని రిసార్టు గేటు దాటింది. ఎవరూ ఆపలేదని వేరే చెప్పాలా?

ఆరో నంబరు తలుపు తెరుచుకుంది. పట్టుచీర, నల్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్. ఆ లిప్‌స్టిక్ మూతలో తుపాకీ గొట్టం ఉంది. అది శైలజ గుండెకు గురిపెట్టి ఉంది.

"నేను నీళ్లు చెప్పలేదు," అంది నవ్యశ్రీ.

"నీళ్లకు మొక్కినవు గదా. అవే వచ్చినయి."

లిప్‌స్టిక్ కొద్దిగా కిందికి దిగింది.

"పదకొండు సార్లు మొక్కినవు చెల్లె. తూటాలు తగులుతున్నా ఆగలే. చెప్పులు మార్చినవు, మాట మార్చినవు. గా ఒక్కటి మారలే. జైపాల్‌ను ఎందుకు చంపించినవు?"

నవ్యశ్రీ నల్లద్దాలు తీసింది. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"నేను జైపాల్ అన్న తరఫు మనిషిని. ముఠా దగ్గర చేరింది ఆయన చెప్తేనే. వాళ్లకు అబద్ధాలు మోసిన, ఆయనకు నిజాలు మోసిన. నా పేరు డిపార్ట్‌మెంట్‌ల గూడ చెప్పనన్నడు, నా ప్రాణం కోసం. ఆయన ఎవరో వాళ్లకు తెలిసిపోయింది. ఆయన్ని చంపిన్రు. ఇగ నాలుగు గంటలకు నేను అసలు పెట్టె నంబరు చెప్పాలె. తప్పు చెప్తే, పెట్టె తెరవంగనే ల్యాబ్ లోపలోడు కనిపెడతడు. చెప్పకుంటే..." కిటికీ వైపు చూసింది. "కట్ట మీద వాళ్ల మనిషి తుపాకీ పట్టుకొని ఉన్నడట. బాస్ బొమ్మ కింద పడిపోయే ఎమోట్ చేస్తే, అది చూసి నాయిన్ని కాలుస్తడు. చెరువుల నాయినకు ఫోన్ లేదు అక్కా."

"బాస్ ఎక్కడుంటడు?"

"ఏ దేశమో. ఎన్నడూ మాట్లాడలే."

"వద్దు అని చెప్పే సైగ లేదా?"

"పిల్లలకైతే ఉన్నది. వాళ్లు నాకిచ్చిన కోడ్‌ల లేదు. అవును అని చెప్పేటియే ఇచ్చిన్రు."

"వాళ్లియ్యకుంటే నీకు లేదా?" శైలజ గొంతు పెరిగింది. "నాకు మూడు నిమిషాలు కావాలె. వాడు కోపంతోని సైగ మర్చిపోవాలె. ఏం చేస్తవో నీ ఇష్టం."

ఫోన్ తీసి, కట్ట మీద అడిగి తీసుకున్న బాలమల్లు నంబరుకు చేసింది. "పెద్దబాపూ, గా పిట్టల ఫోటోలాయన మీద వల ఇసురు."

"ఏందీ? ఎందుకే?"

"అది కెమెరా కాదు, తుపాకీ. మల్లేష్ కాక మీద పెట్టిండు. పరుగెత్తకు, అనుమానం వస్తది. మెల్లగ పో."

 అవతల వల దులిపిన చప్పుడు.

నాలుగు గంటలు. తెర మీద దీవి ఒడ్డు. అరవై బొమ్మలు. మధ్యలో బంగారు ముసుగు వేసుకున్న బాస్ బొమ్మ వచ్చి నిలబడింది. చెయ్యి చాచింది. చెప్పు, అన్నట్టు.

చిలక నడుచుకుంటూ వెళ్లి బాస్ ముందు నిలబడింది. నవ్యశ్రీ వేలు సైగల చక్రం మీద ఆగింది. పక్కకు జరిగింది. నొక్కింది.

చిలక నవ్వింది. కడుపు పట్టుకుని, మోకాలు చరుచుకుని, వేలు పెట్టి చూపిస్తూ పకపకా నవ్వింది. ఆట ఆడే పిల్లలకు తెలుసు, దెబ్బకన్నా తూటాకన్నా మండించేది ఆ నవ్వే. బాస్ కాలు నేలకేసి కొట్టాడు. చిలక మళ్లీ నవ్వింది. ఏమీ తెలియని పిల్లల బొమ్మలు నాలుగు గుమిగూడి అవీ నవ్వడం మొదలుపెట్టాయి. నాలుగు పదయ్యాయి, పది ఇరవై అయ్యాయి. బంగారు ముసుగు చుట్టూ ఒకటే నవ్వు.

"నవ్వు చెల్లె, నవ్వు," అంది శైలజ.

నవ్యశ్రీ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. వేలు మాత్రం ఆగలేదు. "మా నాయిన్ని బెదిరిస్తరా? నవ్వుతరా మీరు? ఇగో, నేను నవ్వుతున్న!"

రెండు నిమిషాలు. అప్పుడు ఎన్నడూ జరగనిది జరిగింది. బాస్ మైక్ ఆన్ చేశాడు.

"స్టాప్ లాఫింగ్! ఐ సెడ్ స్టాప్!"

ఆ అరుపు రెండుసార్లు వినిపించింది. ఒకసారి ఫోన్‌లోంచి, ఒకసారి గోడలోంచి.

శైలజ క్యాను ఎత్తుకుని పరుగెత్తింది. ఏడో నంబరు తలుపు ఒక్క తన్నుకు ఊడింది. లోపల తెల్లటి బక్క మనిషి, ఎర్రబడ్డ ముఖం, చేతిలో ఫోన్. ఆమెను చూశాడు. వేలు కిందికి దిగింది. నొక్కేశాడు. ఇరవై లీటర్ల నీళ్లు అతని ఛాతీ మీద పడ్డాయి. పడితే పడ్డాయి, తెర మీద బంగారు ముసుగు అప్పటికే మోకాళ్ల మీద కూలి వెల్లకిలా పడిపోయింది.

కట్ట మీద ఫోటోల మనిషి ఆ సైగ చూశాడు. గుడ్డ తీశాడు. తెప్ప మీది చుక్కను గురిలోకి తెచ్చుకున్నాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

వల గాలిలో గొడుగులా విచ్చుకుంది.

వల అంచున కట్టిన సీసపు గుండ్లు కొట్టిన దెబ్బకు తుపాకీ ఆకాశం వైపు పేలింది. చెరువులో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. యాభై ఏళ్ల చేతివాటం మరి. బాలమల్లు తాడు గుంజి, చుట్టి, పైన కూర్చున్నాడు.

శైలజ ఫోన్ చేస్తే రాఘవేందర్ జీపులు వచ్చేసరికి మల్లేష్ తెప్ప ఒడ్డుకు చేరింది. అన్న కింద కొట్టుకుంటున్న మనిషిని అతను వింతగా చూశాడు.

"ఇదేందన్నా?"

"ఇయ్యాల నాకు గిదొక్కటే వడ్డది. నీకు?"

"నాకు మస్తు పడ్డయి. ఒక్కన్ని గుంజలేక పోతున్న." అంతలో కూతురు కనిపించింది. పట్టుచీర, చెదిరిన జుట్టు. మల్లేష్ ముఖం కొంచెం బిగుసుకుంది. "ఇటు వచ్చినవేంది? వాసనొస్తది, అటు నిలబడు."

నవ్యశ్రీ ఎత్తు చెప్పులు విప్పి గట్టు మీద పడేసింది. బురదలోకి దిగింది. "జరుగు నాయినా," అని వల తాడు పట్టుకుంది.

రాఘవేందర్ గంభీరంగా ముందుకొచ్చాడు. "చూడుర్రి, ఇది దేశ రహస్యం. ఇక్కడ చూసిందెవరికీ చెప్పొద్దు. అందరూ కాగితం మీద సంతకం..."

"సార్, సంతకం తర్వాత," అన్నాడు మల్లేష్. "ఊకె నిలబడకపోతే గా తాడు చివరన ఒక చెయ్యి వెయ్యి."

శైలజ చీఫ్ వైపు చూసింది. చీఫ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత ప్యాంటు మడిచాడు.

ఆపరేషన్ రిపోర్టులో పెట్టెలు మూడూ భద్రంగా వెళ్లిన సంగతి ఉంది, తుపాకీ సంగతి ఉంది, విదేశీయుడి సంగతి ఉంది, పగిలిన క్యాను సంగతి కూడా ఉంది. చీఫ్ గారి జీపులో యాప్రాల్ చేరిన రెండు బొచ్చె చేపల సంగతి మాత్రం అత్యంత రహస్యంగా ఉంచారు.