నొప్పి చిరునామా

అంగారకుడి మీది సింధూర కాలనీలో విమానం నడపడం నేర్చుకునేవాళ్లు మొట్టమొదట నేర్చుకునేది కూలిపోవడం. సిమ్యులేటర్ కుర్చీలో కూర్చున్నవాడి మెడకు నాడీపట్టీ తగిలిస్తారు. అది నేరుగా వెన్నుపాముకు సంకేతాలు పంపుతుంది. తెర మీద విమానం గట్టిగా దిగితే నడుము అదురుతుంది. కొండను గుద్దుకుంటే ఎముక విరిగినంత నొప్పి పుడుతుంది, ఎముక మాత్రం విరగదు. ఇలా దెబ్బలు తిన్నవాడు అసలు విమానంలో తప్పు చేయడని పట్టీని కనిపెట్టినవాళ్లు చెప్పారు. చాలావరకు అలాగే జరిగింది. కొన్నేళ్లకు తలుపులు తెరవడానికీ, హాజరు వేసుకోవడానికీ కూడా అదే పట్టీ కావడంతో స్థావరంలో అది లేని మెడ లేకుండా పోయింది.

ఉత్తర గనులవాళ్లతో యుద్ధం మొదలైన ఏడాది, భూమి నుంచి గండభేరుండ అనే బాంబర్ వచ్చింది. అసలు విమానం కంటే ముందు దాని అనుబంధ విమానం వచ్చింది, అంటే సిమ్యులేటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన యాడ్-ఆన్. దాన్ని ఎక్కించిన రోజు ధనుంజయ అనే పైలట్ సిమ్యులేటర్‌లోనే గనుల మీద బాంబు వేశాడు. విమానానికి గీత కూడా పడలేదు. అయినా మరుక్షణం అతను పెద్దగా అరిచి కుర్చీలోంచి కింద పడ్డాడు. నాలుక కొరుక్కోవడంతో నోటినిండా రక్తం. మర్నాడు ఇంకో పైలట్, ముఖం కాలిపోతోందంటూ గోళ్లతో చెంపలు చీరుకున్నాడు.

లోపం ఎక్కడుందో పట్టుకునే పని ఇంజనీరు వాగ్దేవిది. పాత వెర్షన్ ఫైళ్లు మిగిలిపోయాయేమోనని అన్నీ తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది. ఫోల్డర్‌లో ఫోల్డర్ ఇరుక్కుని ఉంటే సరిచేసింది. దాంతో అప్పటిదాకా చీకటిగా ఉన్న కాక్‌పిట్ మీటర్లు వెలిగాయి కానీ నొప్పి పోలేదు. మిగతా అనుబంధ విమానాలను ఒక్కొక్కటే తీసి చూసింది. మూడో రోజు సెట్టింగుల ఫైలు తెరిచి వరుసగా చదివితే ఒక వరుస దగ్గర చూపు ఆగింది. ఏ విమానంలోనైనా నొప్పి పుట్టే చోటు విమానమే. ఇందులో మాత్రం బాంబు పడిన చోటని రాసి ఉంది. కింద చనిపోయేవాళ్ల బాధంతా, ఆ వరుస చివర ఎవరి పట్టీ నంబరు ఉంటే ఆ పైలట్‌కు వస్తోంది. ఆ పక్కనే తయారుచేసినవాళ్లెవరో రాసిన మాట: "పొరపాటున పెట్టింది కాదు. దయచేసి తీసేయవద్దు."

నమ్మకం కుదరక తనే కుర్చీలో కూర్చుంది. గని ముఖద్వారం మీద బాంబు వదిలింది. ముందు చెవులు పగిలాయి. తర్వాత పొట్ట చీలి, వేడి ఇనుపముక్క లోపల తిరిగినట్టయింది. ఊపిరి తీస్తే నిప్పు పీల్చినట్టుంది. పట్టీ పీకేసి నేల మీద పడి వాంతి చేసుకుంది. చాలాసేపటి వరకు తన కాళ్లు తనకు ఉన్నాయో లేదో తడిమి చూసుకుంటూనే ఉంది.

కమాండర్ విరూపాక్షకు అంతా చెప్పింది. ఆ వరుస చెరిపేయవచ్చా అని ఆయన అడిగాడు. చెరిపినా, చోటు మార్చినా విమానమే తెరుచుకోదనీ, అక్కడ ఎవరిదో ఒకరి పట్టీ నంబరు ఉండి తీరాలనీ ఆమె ఉన్నదున్నట్టు వివరించింది. లోలోపల ఆమెకు సంతోషంగానే ఉంది. ఆ తర్వాత పదిరోజులు పైలట్లు బాంబు వేయడానికి జంకారు. ధనుంజయ అయితే మూడుసార్లు బాంబు వేయకుండానే విమానం వెనక్కి తిప్పాడు.

పదకొండో రోజు బాంబులన్నీ గురి తప్పకుండా పడ్డాయి. ఒక్కరూ అరవలేదు. ఫైలు చెడిపోయిందేమోనని వాగ్దేవి కంట్రోల్ గదికి వెళ్లింది. అక్కడ ఇనుప కుర్చీకి ఒక మనిషిని కట్టేసి ఉంచారు. అతను సింహాద్రి, ఉత్తర గనుల్లో పట్టుబడ్డ కార్మికుడు. పళ్లు బిగబట్టీ బిగబట్టీ రెండు విరిగి చొక్కా మీద పడ్డాయి. ఫైల్లో ఉన్నది అతని మెడకు కొత్తగా తగిలించిన పట్టీ నంబరు. పక్కనే విరూపాక్ష నిలబడి ఉన్నాడు.

"ఎవరిదో ఒకరి నంబరు ఉండాలని మీరేగా చెప్పారు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "మనవాళ్లకి బాధ తప్పింది. వీడికి ఒంటి మీద గాయం లేదు. ఇందులో తప్పేముందమ్మా?"

సింహాద్రి కళ్లు తెరిచాడు. "పొద్దుట్నించి ఎనిమిదిసార్లు చచ్చానమ్మా," అన్నాడు. "ఎనిమిదోసారి వేసింది మా వీధి మీదే. తెర మీద చూసి గుర్తుపట్టాను."

వాగ్దేవి కీబోర్డు ముందు కూర్చుంది. సిమ్యులేటర్‌ను ఆపే మీట చేతికందేంత దూరంలో ఉంది. నొక్కుదామనే కూర్చుంది. కానీ ఆమె వేళ్లు ఆ ఫైలు తెరిచి సింహాద్రి నంబరు తీసేసి, విరూపాక్ష నంబరు కొట్టాయి.

తొమ్మిదో బాంబు పడింది. విరూపాక్ష మోకాళ్ల మీద కూలి, ముఖం నేలకేసి బాదుకున్నాడు. ముక్కు పగిలి రక్తం బొటబొటా కారింది. పట్టీ లాగేసుకోబోయిన చేతులు మాట వినలేదు. ఆపమని బతిమాలాడు. ఆమె లేచి సింహాద్రి కట్లు విప్పి, మళ్లీ వచ్చి కూర్చుంది. పక్క హాల్లో సిమ్యులేటర్ కుర్చీలో ఉన్న, ఇదేమీ తెలియని ధనుంజయ ఇంకో చుట్టు తిరిగి గనుల మీదికి వస్తున్నాడు.

సింహాద్రి గోడ పట్టుకుని తూలుతూ వచ్చాడు. నేల మీద గిలగిలలాడుతున్న మనిషిని చూశాడు.

"ఆపెయ్యమ్మా," అన్నాడు. "అదెట్టా ఉంటదో నాకు తెలుసు."

"ఇంకొక్కటి," అంది వాగ్దేవి, తెర మీంచి చూపు తిప్పకుండా.