ఎడమ చెయ్యి, రెండు వేళ్లు తక్కువ

ఆరో నంబరు తడిస్తే ఎనిమిదిలా కనిపిస్తోంది.

ఫిలోమిన తెరను దగ్గరికి లాక్కుని, గాజు గదిలో మళ్లీ వాన కురిపించింది. లోపల నిలబడ్డ కొయ్యమనిషి ఒంటికి మచిలీపట్నం ఫుట్‌బాల్ జట్టు నీలం జెర్సీ తడిసి అతుక్కుపోయింది. వీపు మీద కుట్టు దగ్గర చిన్న మడత పడి, ఆరంకె పైకొసను వంచి మూసేసింది. కిందటి ఏడు వానలో ఆడిన ఆటలో ఆరో నంబరు చేసిన తప్పుకు ఎనిమిదో నంబరు ఆటగాడు ఎర్రకార్డు తిన్నాడు. పాపం, అతనికి ఇప్పటికీ ఎందుకో తెలియదు.

"అంకెను పదకొండు మిల్లీమీటర్లు పైకి జరిపితే లోపం పోతుంది," అంది నేత్రి, బట్టల్లో లోపాలు పట్టే యంత్రం. "ఒప్పుముద్ర?"

ఫిలోమిన పలక మీద బొటనవేలు ఆనించింది. పలక వెచ్చబడి పచ్చగా వెలిగింది. మచిలీపట్నం లోపాంకం సున్నా అయింది.

పొద్దుటి నుంచీ ఇదే పని. షిల్లాంగ్ గోల్‌కీపరు మెడ వెనక పట్టీ గరుకుగా ఉంది. గోక్కుంటున్నప్పుడల్లా అతని చెయ్యి అరక్షణం ఖాళీ ఉండదు. కొచ్చి పసుపు జెర్సీకి చెమట పడితే చంక కింద పచ్చిక రంగు వస్తోంది, గీత దాటడం కనిపెట్టే గీతకళ్ల కెమెరాలకు చెయ్యెక్కడో ఒళ్లెక్కడో అంతు పట్టడం లేదు. ఇలాంటివే అన్నీ. చూడబోతే ఆవగింజంత, ఆటలో కొండంత. భువనగిరి కొండ వెనకున్న ఈ నేతశాలలో పద్నాలుగేళ్లుగా ఆమె బొటనవేలు పడనిదే ఒక్క జెర్సీ కూడా బట్టను పెంచే పోగుతొట్టి దాటలేదు. ఫిలోమినకు లోపమంటే గిట్టదు. ఎంత చిన్నదైనా అది ఎవరి ఒంటినో ఒకరిని గీరుతూనే ఉంటుందని ఆమె నమ్మకం.

"ఇరవై రెండోది. చివరి జట్టు," అంది నేత్రి. "కాజీపేట లోకో."

ఫిలోమిన కుర్చీలో కాస్త ముందుకు జరిగింది.

కాజీపేట ఆమె ఊరు. ముప్పై ఒక్క ఏళ్లు కింది శ్రేణిలో కొట్టుకులాడి, ఈ ఏడే పైకొచ్చింది. ఇన్నాళ్లూ ఆ జట్టు బట్టలు రైల్వే కాలనీలో మిషను మీదే కుట్టేవారు. పోగుతొట్టిలో పెరగడం ఇదే మొదలు.

గాజు గదిలోకి ఆకుపచ్చ జెర్సీ దిగింది. ఎడమ చేతి అంచుకు ఎర్రటి పట్టీ. వెలుగుగీత ఒకటి మెడ నుంచి కిందికి, కింది నుంచి పైకి తడిమింది.

"ఎడమ చెయ్యి కుడిచేతి కంటే ముప్పై నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. పంపిన పదకొండు జెర్సీల్లోనూ ఇదే తేడా, కాబట్టి పొరపాటు మూలకొలతలోనే ఉంది. సరిచేసి పాత మూలకొలతను కరగదీస్తాను. ఒప్పుముద్ర?"

"ఆగు."

"ఆపడానికి కారణం చెప్పాలి. ఆట అవసరమా, ఒంటి అవసరమా, నియమమా?"

"కనుక్కుని చెప్తాను."

"మూడింటికి తొట్లకు మూతలు పడతాయి. అప్పటికి ఇరవై రెండు జట్ల లోపాంకం సున్నా కావాలి. ఇప్పుడు రెండూ పది."

కనుక్కోవడానికేమీ లేదు. ఆ రెండు వేళ్ల వెలితి ఎలా వచ్చిందో ఫిలోమినకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా దూరతెర మీద కాజీపేట మైదానాన్ని పిలిచింది.

మెట్ల కింది సామాన్ల గదిలోంచి యాకూబ్ తెల్లగడ్డం కనిపించింది. యాభై ఏళ్లుగా జట్టు బట్టలు, బూట్లు చూసుకునేది ఆయనే. ఒళ్లో ఒక బూటు, చేతిలో బురద గీకే పుల్ల.

"ఏం బిడ్డా, మా బట్టలు తయారైనయా? పోరగాళ్లు పెండ్లి బట్టల కోసం జూసినట్టు జూస్తున్నరు."

"చాచా, ఎడమ చెయ్యి దొరికింది."

"ఎవరికి?"

"నేత్రికి."

యాకూబ్ పుల్ల పక్కన పెట్టాడు. "అరవై ఏండ్ల సంది ఒక్క రెఫరీ పట్టలే. దానికి వేరే పని లేదా?"

"దాని పని అదే గద. నాది గూడ అదే."

"నీది గూడనా? మరి ఆ పద్నాలుగేండ్ల సంది పండుగకొచ్చినప్పుడల్ల నా దగ్గర కూసోని చాయ్ తాగితివి. అప్పుడు కనవడలేదా ఆ చెయ్యి?"

ఫిలోమిన నవ్వింది, గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "సరిచేస్తే ఏమైతది చాచా? చెయ్యి నిండుగ ఉంటది. చలికి మంచిదే గద."

"కార్నర్ కొట్టే ముందు మనోడు ఏం జేస్తడు?"

యాకూబ్ తనే చేసి చూపించాడు. కుడిచేత్తో చొక్కా ఎడమ చెయ్యి అంచు పట్టుకుని, మణికట్టు వైపు ఒక్క గుంజు.

కాజీపేట ఆటగాళ్లందరికీ ఆ అలవాటు ఉంది. చెయ్యి పొట్టి కాబట్టి పరుగెత్తితే పైకి పాకుతుంది, పాకితే గుంజుకోవాలి. వాళ్లను చూసి మెట్ల మీది జనం మొదలుపెట్టారు. కార్నర్ వచ్చిందంటే పడమటి మెట్లన్నీ లేచి నిలబడతాయి. పదివేల చేతులు ఒక్కసారి ఎడమ చెయ్యి గుంజుకుంటాయి. అవతలి ఊళ్లవాళ్లు గుంజుడుగాళ్లని వెక్కిరిస్తారు.

"నిండు చెయ్యుంటే ఏం గుంజుతరు బిడ్డా?" అన్నాడు యాకూబ్. "ఉత్తగ గుంజితే అది నాటకమైతది. రెండు నెలలు నటిస్తరు, మూడో నెల మరుస్తరు."

"మా అమ్మమ్మ సరిచెయ్యమన్నది, చాచా."

ఆయన మళ్లీ పుల్ల అందుకున్నాడు. "అన్నమ్మక్క అన్నదా," అన్నాడు. "గట్లనా. మరి నీ ఇష్టం."

తెర ఆరిపోయింది.

రైళ్లను ఇంకా మనుషులు జెండా ఊపి పంపే రోజులవి. అన్నమ్మ భర్త గార్డు. కాలనీ కుర్రాళ్లు మొదటిసారి పెద్ద పోటీకి పోతున్నారు, ఒంటి మీద వేసుకోను ఒక్క తీరు చొక్కాల్లేవు. కుట్టు మిషను ఉన్నది అన్నమ్మ ఇంట్లోనే. స్టోరులో ఇక పనికిరావని కండెం చేసిన ఆకుపచ్చ జెండాలు ఒక గోనెడు తెచ్చి ఆమె ముందు కుమ్మరించారు. ఏ జెండా అయినా కర్ర దూర్చే వైపు మేకుల తుప్పు తిని చివికిపోయి ఉంటుంది. ఆ వైపు రెండు వేళ్ల మందం కత్తిరించి పారేయక తప్పలేదు. మొగుడి జెండాలు కర్ర ఎడమకు పెట్టి మడతపెట్టడం ఆమెకు అలవాటు. ఆ అలవాటుకొద్దీ అలాగే పరిచి కత్తిరించింది. పదకొండు చొక్కాలకు పదకొండు ఎడమ చేతులూ పొట్టివయ్యాయి. చూసుకునే సరికి బట్ట అయిపోయింది. ఎర్రజెండా చింపి అంచుకు పట్టీ వేసి, పోటీ కాగానే తెచ్చియ్యండి, సరిచేస్తానంది.

జట్టు గెలిచి వచ్చింది. గెలిచిన చొక్కా విప్పదీయొద్దు అక్కా అని కెప్టెన్ చేతులు జోడించాడు. మరుసటేడు ఇంకొకరెవరో ఆ చొక్కానే ముందు పెట్టుకుని కొత్తవి కుట్టారు. ఆ తరువాతి ఏడు వాటిని చూసి ఇంకొకరు.

చిన్నప్పుడు ప్రతి ఆటకూ అన్నమ్మ ఫిలోమినను వెంటపెట్టుకుని పోయేది. పడమటి మెట్ల మీద, మూడో వరుస. తను కుడివైపు, మనవరాలు ఎడమవైపు. మనవరాలి ఒళ్లో చుడువ డబ్బా. కార్నర్ వచ్చి జనం లేవగానే అమ్మమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని పంటితో పట్టుకునేది. "నా తప్పు ఊరంత జూపిస్తున్నరు," అనేది ఆ కొంగు చాటు నుంచే. ఆఖరి రోజుల్లో, ఆస్పత్రి మంచం మీద కూడా అదే ధ్యాస. "ఎన్నడన్న నీ చేతికొస్తే ఆ చెయ్యి సరిజెయ్యి బిడ్డా." ఫిలోమిన ఈ పనిలో చేరినప్పుడు ఆ మాట మనసులో ఉంది. చేరాక చాలాకాలం మరిచిపోయింది.

ఇన్నాళ్లకు అది చేతికొచ్చింది. బొటనవేలు ఆనిస్తే చాలు.

ఆనించబోయి, ఎందుకో చుడువ గుర్తొచ్చింది. ఇంటికెళ్లే సరికి డబ్బా ఎప్పుడూ సగమే ఉండేది. గౌను నిండా పుట్నాలు, అటుకులు. ఒలకబోసుకుంటావని అమ్మ తిట్టేది. తను ఒలకబోయలేదు. కార్నర్ వచ్చినప్పుడల్లా అమ్మమ్మ ఎడమ మోచెయ్యి వచ్చి డబ్బాకు తగిలేది. ఎందుకు తగిలేదో పిల్లకు తెలియలేదు, అడగాలనీ తోచలేదు.

కొంగు పంటితో పట్టుకున్న మనిషికి రెండు చేతులూ ఖాళీ.

ఫిలోమిన బొటనవేలు గాలిలో ఆగింది. కొంగు కింద, ఊరు ఊరంతా ఏం చేస్తోందో అమ్మమ్మా అదే చేసేది. రవికె చెయ్యి గుంజుకునేది. సిగ్గుపడుతూనే గుంజుకునేది.

"రెండూ యాభై రెండు," అంది నేత్రి. "కారణం?"

"అన్నమ్మకు బట్ట చాలలేదు."

"ఇది ఆట అవసరమా, ఒంటి అవసరమా, నియమమా?"

"మూడూ కాదు."

"వర్గం లేని కారణంతో లోపాన్ని ఉంచితే మీ ఒప్పుముద్ర రద్దవుతుంది."

"తెలుసు. ఉంచు."

ఆనించిన బొటనవేలి కింద పలక చల్లబడింది. దాని మీద పద్నాలుగేళ్లుగా వెలుగుతున్న ఆమె పేరు ఆరిపోయింది. ఫిలోమిన సంచీ తీసుకుని లేచి నిలబడింది. మెడలో గుర్తుబిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. ఇంటికెళ్లే బండి మూడున్నరకు.

"అన్నమ్మ ఎవరు?" అని అడిగింది నేత్రి.

ఫిలోమిన వెనక్కి తిరిగింది. ఎంత, ఎక్కడ, ఎందుకు అని తప్ప ఆ గొంతు ఎవరు అని అడగడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"కుట్టినామె."

"కుట్టినవారు అన్న గడి నా పట్టికలో లేదు. కారణం నిలవాలంటే ఆ గడి కావాలి. చేర్చనా?"

"నా ముద్ర పోయింది గదా. నన్నెందుకు అడుగుతావు?"

"ముద్ర అడగడం లేదు. తెలిసినవారిని అడుగుతున్నాను."

తొట్ల వైపు మూతలు కదులుతున్న చప్పుడు గోడ అవతలి నుంచి వినిపిస్తోంది. "చేర్చు," అంది ఫిలోమిన.

చప్పుడు ఆగిపోయింది.

"చేర్చాను. ఇవాళ సరిచేసిన రెండు వందల పన్నెండు లోపాలకు ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఉండగా మూతలు వేయలేను."

ఆమె ముందు తెరలు ఒక్కొక్కటే మళ్లీ వెలిగాయి. కొచ్చి పసుపు, షిల్లాంగ్ మెడపట్టీ. గాజు గదిలో ఎవరూ చెప్పకుండానే వాన మొదలైంది. సరిచేయక ముందటి నీలం జెర్సీ మళ్లీ దిగింది, దాని వీపు మీద ఆరు నెమ్మదిగా ఎనిమిది అయింది.

"ఈ ఆరంకె ఇక్కడ పెట్టింది ఎవరు?" అంది నేత్రి.

ఫిలోమిన సంచీ కింద పెట్టింది. ఆ ఆరు మారాల్సిందే, అందులో ఆమెకు అనుమానం లేదు. కానీ దాన్ని అక్కడ కుట్టిన చెయ్యి ఒకటుంటుంది, దానికీ ఏదో చాలకపోయి ఉంటుంది.

కుర్చీ లాక్కుని దూరతెర మీద మచిలీపట్నాన్ని పిలిచింది. అటువైపు ఎవరో ఆడమనిషి పలికింది.

"అమ్మా, నేను నేతశాల నుంచి," అంది ఫిలోమిన. "మీ జట్టు జెర్సీలు మొట్టమొదట ఎవరు కుట్టారో తెలిసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అక్కడ?"