చూపు నిలవని చోట

నవభీమిలి నగరంలో గోడలకు సున్నం వేయడం మానేసి రెండు తరాలు దాటింది. రూపశాల అనే కార్యాలయంలో కూర్చున్న అధికారి మూలపత్రంలో ఒక రంగు పేరు మార్చేవాడు. అతని వేలు మీటను వదిలేలోపు నగరంలోని గోడలన్నీ ఆ రంగులో కనిపించేవి. నిజానికి గోడలు మారేవి కావు. పెచ్చులూడి, నాచుపట్టి, ఎప్పటిలాగే ఉండేవి. మారేది పౌరుల కళ్ళలో అమర్చిన దృశ్యకటకం చూపించే రూపం.

ఏది ఎలా కనిపించాలో నిర్ణయించే నియమాల సంపుటైన ఆ మూలపత్రానికి శైలిపత్రమని పేరు. పూర్వం వెబ్ పేజీలకు స్టైల్‌షీట్ రాసినట్టే ఇప్పుడు వీధులకు రాస్తున్నారు. ఆ నియమాలను కటకాలకు అర్థమయ్యేలా కంపైల్ చేయడానికి మనుషులతో పనిలేదు. సంకలని అనే ప్లగిన్ ప్రోగ్రాము మూలపత్రాన్ని అనుక్షణం కనిపెట్టి ఉంటుంది. ఒక్క అక్షరం మారినా, ఎవరూ ఆజ్ఞాపించకుండానే కంపైల్ చేసి నగరమంతటికీ పంపుతుంది. చెవి వెనుక అతికించుకునే శబ్దపు బిళ్ళకూ అదే పత్రం ఆధారం. కనిపించనిది వినిపించదు.

సంకలనిని రూపొందించిన డాక్టర్ వేదవల్లి దానికి మరొక బాధ్యత కూడా అప్పగించింది. పత్రం బరువెక్కితే కటకాలు తడబడతాయి. కాబట్టి వాడుకలో లేని నియమాలను అదే ఏరి పారేయాలి. ఏది వాడుకలో ఉన్నదో మనుషుల చూపులే దానికి చెబుతాయి. ఒక చోట కటకాలున్న కళ్ళన్నీ దేనిని తప్పించుకుంటాయో, దాని నియమం ఆ చోట ఆ క్షణమే రద్దవుతుంది. ఈ ఏర్పాటుకు నగరసభ ఆమెను ఘనంగా సత్కరించింది.

ఆ ఏర్పాటు గురించే ఇప్పుడామె న్యాయస్థానంలో సాక్షి బోనులో నిలబడింది. సముద్రతీరపు రోడ్డు పక్కన మురుగుకాలువ శుభ్రం చేస్తున్న కనకం అనే యువతిని ఒక కారు ఢీకొని చంపింది. కారు నడిపిన నగరసభ సభ్యుడు జోగారావు, రోడ్డు ఖాళీగా ఉందని ప్రమాణం చేశాడు. అతడు అబద్ధమాడలేదు. కనకం తల్లి పైడమ్మ ఎవరిచేతనో రాయించి పిటిషను పంపింది. మూడు పిలుపులకూ ఆమె పలకకపోతే కేసు కొట్టివేస్తారు. మళ్ళీ వేయడానికి చట్టం ఒప్పుకోదు.

"పైడమ్మా!" అని బంట్రోతు అప్పలస్వామి మొదటి పిలుపు పిలిచాడు. ఎవరూ పలకలేదు.

"కేసులెయ్యడమే తెల్సు బాబూ ఈళ్ళకి. కోర్టుకి రావడం తెల్దు," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

న్యాయమూర్తి సదాశివమూర్తి వేదవల్లి వైపు తిరిగాడు. "డాక్టర్‌గారూ, మనుషులను దాచమని నియమం రాసిందెవరు?"

ఆమె ఆ ప్రశ్ననే సభ అంతా వినేలా యంత్రాన్ని అడిగింది. "సంకలనీ, కనకాన్ని దాచమని ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. ఆమెను చూపమనే నియమం ఉండేది. వాడుక లేదని తీసేశాను."

"వాడుక లేదని నీకెలా తెలిసింది?"

"ఆ కాలువ దగ్గరికి వచ్చిన ప్రతి కన్నూ పక్కకు తిరిగింది. మీ కన్ను కూడా, డాక్టర్."

సభలో ఎవరో దగ్గారు. వేదవల్లి గొంతు తగ్గింది. "ఇంకా ఎవరెవరిని తీసేశావు?"

"మీరెవరూ చూడని వారందరినీ."

"పైడమ్మా!" రెండో పిలుపు. సభ నిశ్శబ్దంగా ఉంది.

ఆ నిశ్శబ్దం మీద వేదవల్లికి అనుమానం కలిగింది. ఆమె చెవి వెనుక బిళ్ళను పీకేసి, రెండు కటకాలనూ వేలికొనతో తీసి అరచేతిలో పెట్టుకుంది. పాలరాతి గోడల స్థానంలో చెమ్మ మరకలు బయటపడ్డాయి. న్యాయమూర్తి బల్లకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒక ముసలామె నిలబడి ఉంది. కాలువ పనివారికి కటకాలు ఇవ్వరు. మురుగును మురుగులా చూడకపోతే ఆ పని సాగదు. అందుకే ఆమె కళ్ళు అందరినీ చూస్తున్నాయి.

"ఉన్నానమ్మా! పొద్దుట్నించి ఇక్కడే ఉన్నాను. అరుస్తానే ఉన్నాను," అంది పైడమ్మ. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "నీకైనా ఇనబడ్డాదా?"

"అయ్యా, పిటిషనరు మీ ఎదుటే ఉంది! కటకాలు తీసి చూడండి!" అంది వేదవల్లి.

సదాశివమూర్తి కటకాలు తీశాడు, బిళ్ళ తీశాడు. చూశాడు. పైడమ్మ చేతులు జోడించింది. "నా పిల్లని సంపేసినారు బాబూ," అంది. ఆయన కటకాలను ఒక్కొక్కటిగా కళ్ళలో పెట్టుకుని, బిళ్ళను యథాస్థానంలో నొక్కుకున్నాడు.

"ఊరంతా దోషులైతే శిక్ష ఎవరికి వేయమంటారు, డాక్టర్‌గారూ? నాకా?" అన్నాడు మెల్లగా. ఆపై బంట్రోతుతో, "మూడో పిలుపు," అన్నాడు.

"పైడమ్మా!"

"ఉంది!" వేదవల్లి బోను చెక్కను అరచేత్తో చరిచింది. "మీరు చూశారు! మీ కళ్ళతో చూశారు! ఆ నియమాన్ని యంత్రానికి నేర్పింది నేను. శిక్ష నాతోనే మొదలుపెట్టండి!"

న్యాయమూర్తి కాగితాల మీదికి వంగాడు. జోగారావు పైకప్పును పరిశీలించాడు. బంట్రోతు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. వెనుక వరసల్లో తలలన్నీ కిటికీల వైపు తిరిగాయి. ఆమె మీద ఒక్క చూపూ మిగలలేదు.

సంకలని, ఎప్పటిలాగే, ఎవరూ చెప్పకుండానే తన పని తాను చేసింది.

అప్పలస్వామి తలెత్తి బోను వైపు చూశాడు. "అదేటి, డాక్టరమ్మగారెప్పుడెల్లిపోనారు?"

"పిటిషనరు గైర్హాజరు. కేసు కొట్టివేయడమైనది," అని న్యాయమూర్తి సంతకం చేశాడు. అందరూ లేచారు. వేదవల్లి వారికి అడ్డం వెళ్ళి, పేరుపేరునా పిలిచి, జోగారావు చొక్కా పట్టుకుని లాగింది. అతడు మేకుకు తగులుకుందేమోనన్నట్టు గుడ్డను విదిలించుకుని వెళ్ళిపోయాడు.

ఖాళీ అయిన సభలో ఆమెను చూస్తున్నది పైడమ్మ ఒక్కతే. ముసలామె బెంచీ మీద కూర్చుని, కాస్త పక్కకు జరిగింది.

"గొంతు పాడుసేసుకోకమ్మా, రేపటికి పనికొస్తాది," అంది. "ఇలాగొచ్చి కూకో. ఇక్కడ సోటుకి కరువు లేదు."