గడ్డిలో దాచిన పాట

ఉదయం ఆరింటికి తిరుపతిరావు పళ్లగదిలోకి వెళ్లాడంటే ఇక ఎవరూ ఆ గుమ్మం తొక్కకూడదు. వరిగడ్డిలో మాగేసిన రసాలను ఒక్కొక్కటే బయటికి తీసి, ముచ్చిక దగ్గర వాసన చూసి, అట్టపెట్టెల్లో సర్దే పని ఆయన ఒక్కడిదే. ఆయనకి కాటా అక్కర్లేదు. పెట్టెను రెండు చేతులతో ఎత్తి "ఐదు కిలోలు" అన్నాడంటే ఐదు కిలోలే. రెడ్డిగూడెం చుట్టుపక్కల ఆ చేతికి మంచి పేరుంది. ఆ పేరున్న సంగతి అందరికంటే ఎక్కువ ఆయనకే తెలుసు.

ఆ ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉంది. తోటలో తొలి పళ్లు ఆడపడుచు ఇంటికి బయల్దేరాకే ఇంట్లోవాళ్లు పండు నోట పెట్టాలి. తిరుపతిరావు అక్క సుబ్బాయమ్మ మైలవరంలో ఉంటుంది. నలభై ఎనిమిదేళ్లుగా ఒక్క ఏడు కూడా ఆ పెట్టె తప్పలేదు.

హాల్లో కోడలు కీర్తిప్రియ కంప్యూటర్ ముందు కూర్చుని, పళ్ల కోసం ఊళ్లనుంచి వచ్చిన ఆర్డర్లు చూసుకుంటోంది. రెండేళ్ల కిందట ఈ ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టింది ఆమే. ఆమె భర్త సుభాష్ కాయలు కోయించి మార్కెట్‌కి తోలడంలో ఉంటే, ఇంట్లో ఉండి ఫోన్లూ చిరునామాలూ చూసుకునేది ఆమె.

"మామయ్యా, పాట పెట్టనా?" అని కేకేసింది.

"పెట్టమ్మా. ఆ గుయ్యిమనే రొద కాస్త తగ్గించి పెట్టు."

"రొద తగ్గిస్తే పాట కూడా తగ్గిపోతుంది మామయ్యా. రెండూ కవలపిల్లలు."

సుభాష్ డిగ్రీలో ఉండగా కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చిన స్పీకర్లవి. ఒకటి తీగ వంచి రబ్బరుబ్యాండ్ చుడితేనే పలుకుతుంది. రెండోది పలుకుతుంది గానీ, పాడే మనిషికి జలుబు చేసిందేమో అనిపిస్తుంది. అయినా మామాకోడళ్లకు పాత పాటలంటే ప్రాణం. రోజూ సాయంత్రం ఐదింటికి కాఫీగ్లాసులు పట్టుకుని ఆ రెండు డబ్బాల ముందు చేరతారు. "ఇల్లు ఊడ్చేవాళ్లకి చోటియ్యండి" అని అత్తగారు పుష్పవతి విసుక్కుంటూనే, చీపురు పట్టుకుని పాట అయిపోయేదాకా అక్కడే నిలబడుతుంది.

కీర్తిప్రియ ఒక సంగతి దాచింది. కిందటి ఏడు అమ్మకాల్లో తన కష్టానికి వాటాగా సుభాష్ ఇచ్చిన డబ్బుతో మంచి స్పీకర్లు తెప్పించుకుంది. మరీ ఖరీదైనవి కావు. చెక్కపెట్టెల్లో బిగించిన చిన్న జత. ఏ జత కొనాలో తేల్చుకోవడానికి మాత్రం ఆర్నెల్లు పట్టింది. ఎవరూ ధర అడగకముందే అందరికీ పాట వినిపించాలని ఆమె కోరిక. అందుకే ఆ పార్శిల్‌ని ఖాళీ మామిడి అట్టపెట్టెలో పెట్టి, పైన గుప్పెడు గడ్డి పరిచి, పళ్లగది మూలన ఉంచింది. ఆదివారం తీసి అందరినీ ఆశ్చర్యపరచాలనుకుంది.

ఆదివారం దాకా ఆగలేదు ఆ పెట్టె.

ఆ ఉదయమే తిరుపతిరావు మూలనున్న పెట్టెను ఎత్తి చూశాడు. ఐదు కిలోలు. మూత సందులోంచి గడ్డి కనిపిస్తోంది. నిన్న తనే సర్దిన పెట్టె అనుకుని, టేపు వేసి, మైలవరం వెళ్లే ఆటో చిన్నరాయప్ప చేతికిచ్చాడు. "మా అక్కయ్యకి. జాగ్రత్త" అన్నాడు. తర్వాత చూస్తే గదిలో ఒక పెట్టె మిగిలింది. "ఎక్కువ సర్దానన్నమాట" అనుకుని, మధ్యాహ్నం భోజనాల్లోకి దాన్ని తెరిచాడు. అందరూ తృప్తిగా తిన్నారు. ఈ ఏడు రసాలు తేనెలాగున్నాయని పుష్పవతి రెండుసార్లు అంది.

మూడింటికి ఫోన్ మోగింది.

"ఒరేయ్ తమ్ముడూ!" అంది అవతలనుంచి సుబ్బాయమ్మ. "పాటల పెట్టె పంపావురా? మనవడు వినోద్ ఫోన్‌కి తగిలించి పెట్టాడు. ఎంత బాగా పలుకుతోందిరా! ఇన్నాళ్లకి నీకు గుర్తొచ్చానురా." అంటూనే ఏడ్చేసింది.

తిరుపతిరావుకి ఏమీ అర్థం కాలేదు. కానీ అక్క ఏడుస్తుంటే "ఏ పెట్టె?" అని అడిగే గుండె ఆయనకి లేదు. "ఆఁ... విను అక్కయ్యా, విను" అని ఫోన్ పెట్టేశాడు.

పక్కనే ఉన్న కీర్తిప్రియ ఫోన్‌లోని ఆ మాటలు వింది. పళ్లగదిలోకి పరిగెత్తింది. మూల ఖాళీగా ఉంది.

"మామయ్యా, అవి నావి" అంది తిరిగొచ్చి. "నేను కొనుక్కున్న స్పీకర్లు. ఒక్క ఫోన్ చేసి పొరపాటయిందని చెప్పండి. సాయంత్రానికి చిన్నరాయప్ప తెచ్చేస్తాడు."

"ఎలా చెప్పనమ్మా? అక్కయ్య ఏడ్చింది."

"నాకూ ఏడుపొస్తోంది మామయ్యా!"

తిరుపతిరావు చాపమీద కూలబడ్డాడు. ఎన్నడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. సుబ్బాయమ్మ పెళ్లికి వాళ్ల నాన్న ఇంట్లో ఉన్న రేడియోని సారెతో పంపాలనుకున్నాడు. అక్కకి రేడియో అంటే పిచ్చి. అప్పుడు తనకి పదిహేనేళ్లు. అది వెళ్లిపోతుందన్న బెంగతో రేడియోని గడ్డివాములో దాచేశాడు. ఎవరో ఎత్తుకుపోయారని ఇల్లంతా వెతికారు. అక్క రేడియో లేకుండానే అత్తారింటికి వెళ్లింది. ఆ తర్వాత ఒక్కసారైనా దాని ఊసెత్తలేదు.

"ఇప్పుడు పాటల పెట్టె దానంతటదే వెళ్లింది. వెనక్కి ఎలా అడగను?"

కీర్తిప్రియ కళ్లు తుడుచుకుంది. "అందరి ఇళ్లకీ అన్నీ పంపుతాం మామయ్యా. నేనెప్పుడైనా కాదన్నానా? ఇంతమంది చిరునామాలు రాసే నేను, నా పేరు మీద తెప్పించుకున్నది ఆ ఒక్కటే."

దానికి జవాబు పుష్పవతి దగ్గర ఉంది. చీపురు పక్కన పెట్టి మరీ వచ్చింది.

"ఏవండీ, అప్పుడు దాచింది మీరు. ఇప్పుడు పోగొట్టుకున్నది కోడలు. మీరు చేసిన తప్పుకి ఆ పిల్ల వస్తువిచ్చి చేతులు దులుపుకుంటారా? పెద్దరికం అంటే ఇదేనా? అక్కగారి మీద అంత ప్రేముంటే మీ చేత్తో మీరు కొనిచ్చుకోండి."

ఆ సాయంత్రం ఐదింటికి ఆ ఇంట్లో పాట పెట్టలేదు. కాఫీ ఎవరి గదిలో వాళ్లు తాగారు. సుభాష్ వచ్చి, ఇంట్లో ఈ నిశ్శబ్దం ఏమిటని అడిగి, ఎవరూ చెప్పకపోతే తనూ కాఫీగ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే తిరుపతిరావు చెప్పాపెట్టకుండా విజయవాడ బస్సెక్కాడు. మధ్యాహ్నానికి మనిషంత పెట్టెతో దిగాడు.

"అమ్మా కీర్తీ! షాపులో పది రకాలు చూపించాడు. నేను ఊరుకుంటానా? అన్నీ ఎత్తి చూశా. ఇదే బరువుంది. మంచి సరుకు."

"స్పీకర్లని ఎత్తి చూశారా మామయ్యా?" కీర్తిప్రియకి కోపం పోలేదు గానీ నవ్వొచ్చింది.

"వాసన చూడలేదు నయం" అంది పుష్పవతి.

దానికి ఎర్రవీ నీలంవీ లైట్లున్నాయి. తగిలించి పాట పెడితే కిటికీ అద్దాలు అదిరాయి. అరుగు మీద పిల్లి గోడ దూకింది. దడదడల అడుగున ఎక్కడో సన్నగా ఒక గొంతు పాడుతోంది.

"బావుందా అమ్మా?"

ఎండకి కందిపోయిన ఆయన ముఖం చూసింది కీర్తిప్రియ. "బావుంది మామయ్యా" అంది.

తిరుపతిరావు తల వంచి కాసేపు విన్నాడు. పళ్లలో పుచ్చు పట్టేసే మనిషి, పాటలో పట్టలేడా? "అబద్ధం చెప్పకమ్మా. పాటేది ఇందులో? అంతా డప్పే" అన్నాడు. "నా చెయ్యి రెండుసార్లు తప్పింది. రేపు నేనే మైలవరం వెళ్లి, అక్కయ్యకి ఉన్నదున్నట్టు చెప్పి, నీది నీకు తెచ్చిస్తా."

ఆయన వెళ్లే పని పడలేదు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి చిన్నరాయప్ప ఆటో వాకిట్లో ఆగింది. సుబ్బాయమ్మ దిగింది. ఒళ్లో అదే అట్టపెట్టె.

"నా పళ్లేవిరా?" అంది గుమ్మంలోనే.

తిరుపతిరావు పళ్లగది వైపు చూశాడు.

"తినేశారు కదూ? నలభై ఎనిమిదేళ్లలో పండు లేని పెట్టె వస్తే, పొరపాటని నాకు తెలియదా? లోపలి పార్శిల్ మీద కీర్తిప్రియ అని పేరు కూడా ఉందిగా." కోడలి వైపు తిరిగింది. "ఇదిగో అమ్మాయ్, నీ సొత్తు. రెండు రోజులు విన్నాను. తప్పయితే క్షమించు."

"అయ్యో, అదేం మాట పెద్దమ్మా" అని కీర్తిప్రియ పెట్టె అందుకుంది. మొన్న ఎంత కోపమొచ్చిందో, ఇప్పుడు అంత సిగ్గేసింది.

"తెలిసే ఫోన్ చేశావా అక్కయ్యా?" అన్నాడు తిరుపతిరావు.

"తెలిసే చేశా. అది నీకు కాదు, వెనక్కి పంపెయ్యి అంటావేమోనని చూశా. అనలేకపోయావు. నాకది చాలురా."

కీర్తిప్రియ అప్పటికప్పుడు తన స్పీకర్లు బల్లకి రెండు పక్కలా పెట్టి తీగలు తగిలించింది. మామగారికి ఇష్టమైన పాత పాట పెట్టింది. ఎడమ పక్కనుంచి వయొలిన్, కుడి పక్కనుంచి మృదంగం విడివిడిగా వచ్చాయి. చరణానికి ముందు, పాడే ఆవిడ సన్నగా ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"ఊపిరి తీసుకుంటోందే!" అన్నాడు తిరుపతిరావు చిన్నపిల్లాడిలా. "వెయ్యిసార్లు విన్నాను ఈ పాట. ఆవిడ ఊపిరి ఇప్పుడే విన్నా."

పుష్పవతి ఈసారి చీపురు కూడా పట్టుకోకుండా వచ్చి కూర్చుంది.

లైట్ల పెట్టె చూసి సుబ్బాయమ్మ ముచ్చటపడింది. ఒకసారి పెట్టించుకుని "నాకీ మధ్య చెవులు మందగించాయి. ఇదయితే వీధిలో ఉన్నా వినపడుతుంది. ఇది నాకిచ్చెయ్యరా" అంది. ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా "తీసుకెళ్లండి" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది పుష్పవతి.

భోజనాలయ్యాక తిరుపతిరావు కొత్తగా పళ్లపెట్టె సర్దాడు. టేపు వెయ్యబోతుంటే సుబ్బాయమ్మ చెయ్యి అడ్డం పెట్టి, మూత తీయించి, గడ్డి తొలగించి చూసి, "ఆఁ, పళ్లే" అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అక్కయ్యా, నీకో మాట చెప్పాలి. నీ పెళ్లిలో ఆ రేడియో ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే గడ్డివాములో దాచాను."

"తెలుసు."

"తెలుసా?"

"బండి ఎక్కబోతూ పశువుల కొట్టం వైపు వచ్చాను, ఆవుదూడని ఒకసారి చూసిపోదామని. గడ్డివాము వెనక సన్నగా పాట వినపడుతోంది. తొంగిచూస్తే నువ్వు. రేడియో ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నావు. అక్క వెళ్లిపోతోందని ఏడుస్తున్నావు."

తిరుపతిరావు అట్టపెట్టె మీద చేతులు అలాగే ఉంచి అక్క ముఖంలోకి చూశాడు. అది నిజం. ఆ రోజు ఏడ్చింది రేడియో కోసం కాదు. ఇన్నేళ్లలో దొంగతనం ఒక్కటే గుర్తుంచుకుని, ఏడ్చిన సంగతి తనే మరిచిపోయాడు.

"మరి అప్పుడే అడగొచ్చుగా అక్కయ్యా?"

"నేనెలాగూ వెళ్లిపోతున్నాను. వాడికి తోడు అదైనా ఉండనీ అనుకున్నా" అంది సుబ్బాయమ్మ, ఆయన చేతిలోంచి టేపు తీసుకుంటూ.

తిరుపతిరావు కండువాతో ముఖం కప్పుకున్నాడు. కీర్తిప్రియ చప్పుడు చేయకుండా హాల్లోకి వెళ్లి, అదే పాటని మొదటినుంచి పెట్టింది.